దిగుడు బావి చెప్పిన ప్రసంగము



ఈ శతవార్షికోత్సవ సంచికలో మన గుడులు కట్టినవారిని గూర్చి, బళ్ళు పెట్టి మనకు అక్షరాలు నేర్పిన దొరలను, దొరసానులను గూర్చి, సంచి భుజాన వేసుకొని కాలినడకన పల్లెలు తిరిగిన ఉపదేశులను గూర్చి పెద్దలు వ్రాస్తున్నారు. అది తగిన పనే. మేము మాత్రము ఒక బావిని గూర్చి, ఒక కురుపును గూర్చి వ్రాయదలచాము. పండుగ సంచికలో కురుపు కథ ఏమిటని కొందరు నొచ్చుకోవచ్చును. అయితే కదిరి ప్రాంతములో మన తాతలు వాక్యము విన్నది ఎంత నిజమో, వారి కాళ్ళలో నారికురుపు లేచినది కూడా అంతే నిజము. దేవుడు ఆకాశపక్షులను చూపి, అడవిపువ్వులను చూపి పాఠము చెప్పినవాడు. మన సీమలో ఆయన బావిని చూపి కూడా చెప్పాడని మా నమ్మకము.

మన సీమ, మన నీళ్ళు

అనంతపురము జిల్లా 1882లో బళ్ళారి జిల్లా నుండి విడిపోయింది. కదిరి తాలూకా అప్పటికి కడప జిల్లాలోనిది. 1910లో అనంతపురములో కలిసింది. 2022 ఏప్రిల్ నుండి కదిరి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నది. జిల్లాల పేర్లు మారాయి గాని పైనున్న ఆకాశము మారలేదు. ఏడాదికంతటికి ఇక్కడ కురిసే వాన సగటున 550 మిల్లీమీటర్ల పాటిది. అదైనా వచ్చిన యేడు వస్తుంది, రాని యేడు రాదు. 1876–78 సంవత్సరాల ధాత కరువు కథలు మన ముసలివారు తమ ముసలివారి దగ్గర విన్నవే.

అటువంటి సీమకు సువార్త వచ్చింది. లండన్ మిషనరీ సొసైటీ పక్షాన జాన్ హ్యాండ్స్ 1810లో బళ్ళారిలో పని మొదలుపెట్టాడు. 1822లో కడపలో పని మొదలైంది. ఆ తరువాత గుత్తి, అనంతపురము, కదిరి, జమ్మలమడుగు కేంద్రములయ్యాయి. జమ్మలమడుగులో వెలసిన క్యాంబెల్ ఆసుపత్రి పేరు తెలియని క్రైస్తవ కుటుంబము ఈ సీమలో అరుదు. 1908లో దక్షిణ ఇండియా ఐక్య సంఘము, 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘము ఏర్పడ్డాయి. ఈ చరిత్రలో వాక్యము, వైద్యము జోడెద్దుల వలె నడిచాయి. గనుక రోగమును చూచి ఆత్మకు బుద్ధి తెచ్చుకొనుట మనకు కొత్త కాదు.

ముందుగా ఒక మాట చెప్పి తీరవలెను. రోగి పాపియని మేము చెప్పుట లేదు. పుట్టుగుడ్డివానిని చూచి శిష్యులు ఎవరి పాపమని అడిగినప్పుడు ప్రభువు ఆ ప్రశ్ననే త్రోసివేశాడు (యోహాను 9). జబ్బుపడిన ఇంటికి పరామర్శకు వెళ్ళి, "ఏ తప్పు చేశావో జ్ఞాపకము చేసుకో" అని పలికేవారు నేటికీ మనలో ఉన్నారు. యోబు స్నేహితులు చేసిన పని అదే. మనము రోగి మీద తీర్పు చెప్పుటకు గాక, రోగము నడిచే త్రోవ చూచి మన పాపము నడిచే త్రోవ తెలుసుకొనుటకు ఇది వ్రాస్తున్నాము.

నారికురుపు నడిచే త్రోవ

నారికురుపు పేరు నేటి పిల్లలకు తెలియదు. దేవునికి స్తోత్రము! రాయలసీమ జిల్లాలలో ఒకప్పుడు అది ఇంటింటి జబ్బు. చెరువు ఎండి, బావి అడుగంటే వేళకు జనము కడవలతో దిగుడు బావి మెట్లు దిగి, మోకాటి లోతు నీళ్ళలో నిలిచి ముంచుకొనేవారు. ఆ నీటిలో కంటికి నలుసువలె కనబడీ కనబడని పురుగు ఉంటుంది. దానిని శాస్త్రజ్ఞులు సైక్లాప్స్ అంటారు. నారిపురుగు పిల్ల ఆ నలుసు పురుగు కడుపులో చేరి, రెండు వారాలలో మనిషికి సోకే స్థితికి వస్తుంది. ఈ సంగతిని 1870 ప్రాంతమున ఫెద్చెంకో అను రష్యా దేశపు శాస్త్రజ్ఞుడు కనిపెట్టాడు. అంతవరకు రోగము నీటిలో ఉన్నదని అనుమానమే గాని దాని దారి తెలియదు.

ఆ నీరు తాగినవానికి ఆ రోజు ఏమీ కాదు. మరునాడూ ఏమీ కాదు. నలుసు పురుగు కడుపులో చచ్చిపోతుంది గాని నారిపురుగు పిల్ల చావదు. ఇంచుమించు ఒక సంవత్సరము అది ఒంటిలో పెరుగుతుంది. ఆడపురుగు మూరెడు, రెండు మూరల పొడవు, దారమంత సన్నము. ఏడాది తిరిగిన తరువాత, ఎక్కువగా పాదము దగ్గరనో పిక్క దగ్గరనో బొబ్బ లేస్తుంది. నిప్పు పెట్టినట్లు మండుతుంది. సేద్యపు పనులు మొదలయ్యే వేళకే మనిషి మంచమెక్కుతాడు.

మొదటి పాఠము ఇక్కడనే ఉన్నది. పాపము లోపలికి వచ్చిన రోజు నొప్పి ఉండదు. ఒక అబద్ధపు లెక్క, ఒక చాటుమాట, ఒక చెడ్డ చూపు, కాసింత సారాయి. తెల్లవారి లేచి చూస్తే ఆకాశము విరిగి మీద పడలేదు. "చూచావా, ఏమీ కాలేదు" అని మనస్సు ధైర్యము తెచ్చుకొంటుంది. శిక్ష త్వరగా రాలేదు గనుక మనుష్యుల హృదయము కీడు చేయుటకు తెగబడుతుందని ప్రసంగి గ్రహించాడు (8:11). అయితే ఆలస్యము క్షమాపణ కాదు. లోపల ఏదో పెరుగుతున్నది. బొబ్బ లేచిననాడు మనము నిన్నటి సంగతులు వెదకుతాము. తాగిన నీరు మాత్రము నిరుటిది.

ఒకని ఉపశమనము, పదిమంది వేదన

బొబ్బ మంటకు తాళలేక రోగి ఏమి చేస్తాడు? చన్నీళ్ళలో కాలు పెడతాడు. చల్లగా హాయిగా ఉంటుంది. ఆ క్షణమందే బొబ్బ పగిలి, పురుగు తన పిల్లలను లక్షల కొలదిగా నీటిలోనికి వదలుతుంది. నీటిలోని నలుసు పురుగులు వాటిని మింగుతాయి. ఊరివారు వచ్చి ఆ నీరు కడవలకెత్తుకొని పోతారు. వచ్చే యేడు ఆ యిళ్ళన్నిటిలో మంచాలు పడతాయి.

ఆ మనిషికి ఎవరి మీదా పగ లేదు. తన నొప్పి చల్లార్చుకొన్నాడు, అంతే. అయినా ఊరి నీరు చెడిపోయింది. "నా పాపము నా సొంతము, దానివలన ఎవరికి నష్టము?" అని మనలో అనేవారున్నారు. తండ్రి తన దిగులు తీర్చుకొనుటకు తాగుతాడు. ఆ నీరు తాగేది కొడుకు. ఒక పెద్ద తన కోపము చల్లార్చుకొనుటకు సంఘకూటములో ఒక మాట విసరుతాడు. రెండు పార్టీలు పుట్టి, ముప్పై యేండ్లు కోర్టు మెట్లెక్కుతాయి. చేదైన వేరు ఒకటి మొలిస్తే అనేకులు అపవిత్రులవుతారని హెబ్రీ పత్రిక హెచ్చరించింది (12:15).

అయితే ఇక్కడ సంఘమునకు కూడా ఒక బాధ్యత ఉన్నది. మండుతున్న కాలు గలవానితో "బావిలో దిగకు" అని గట్టు మీద నిలిచి కేక వేయుట సులభము. అతనికి నీళ్ళెవరు తెస్తారు? దిగవద్దని చెప్పిన నోరే ఒక కడవ నీళ్ళు తెచ్చి అతని గుమ్మములో దించవలెను. ఒకని భారము ఒకరు మోయవలెనని పౌలు వ్రాసినది (గలతీ 6:2), తప్పిపోయినవానిని మెల్లగా దారికి తేవలెనని చెప్పిన వచనము వెంటనే వ్రాశాడు. ఆ రెండు మాటలను మనము విడదీశాము. మొదటిది కమిటీకి ఇచ్చాము. రెండవది ఎవరికీ ఇవ్వలేదు.

తెంపరాదు, విడువరాదు

పురుగు తల బయటికి కనబడినప్పుడు పెద్దలు దానిని చిన్న పుల్లకు చుట్టేవారు. రోజుకు అంగుళము, రెండంగుళములు మాత్రమే చుట్టి, కట్టుకట్టి విడిచేవారు. మరునాడు మరికొంత. వారాల తరబడి ఈ పని సాగేది. తొందరపడి లాగితే పురుగు తెగిపోతుంది. తెగిన ముక్క లోపల ఉండిపోయి కాలు వాచి, చీము పట్టి, కొందరికి కీళ్ళు బిగిసి కుంటితనము మిగిలేది. మూడు వేల అయిదు వందల యేండ్ల నాటి ఐగుప్తు వైద్య పత్రములో కూడా ఈ చుట్టుడు వైద్యమే కనబడుతుందని పండితులంటారు. నేటికీ దీనికి మందు లేదు, టీకా లేదు. ఆ పుల్లే ఇంకా వైద్యము.

మనము డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో కన్నీళ్ళతో ఒట్టు పెట్టుకొంటాము. ఒక్క లాగుతో పురుగు రావలెనని మన ఆశ. సంక్రాంతి నాటికి అది తెగి ఉంటుంది. లోపలి ముక్క మునుపటికంటె ఎక్కువగా చీము పడుతుంది. సంఘక్రమశిక్షణ విషయములో కూడా ఇంతే. పడిపోయిన పడుచువానిని ఆదివారము నాడు అందరి యెదుట నిలువబెట్టి ఒక్కసారి లాగి పారవేస్తాము. అతడు గుడి తలుపే మరచిపోతాడు. ఇక కొందరు ఇది మెల్లగా జరుగవలసిన పని గదా అని పుల్లను విడిచి నిద్రపోతారు. విడిచినా పురుగు మరల లోపలికి పోతుంది. తెంపరాదు, విడువరాదు. ప్రతిదినము ఒక అంగుళము. మన ప్రభువు సిలువను ప్రతిదినము ఎత్తుకొనవలెనన్నాడు గాని (లూకా 9:23) ఏడాదికొకసారి అనలేదు.

మరియొక సంగతి. నారికురుపు ఒకసారి వచ్చినవానికి మరల రాదను నియమము లేదు. ఆ నీరే తాగితే మరుసటి యేడు మరల వస్తుంది. బాధపడినంత మాత్రాన బలము రాదు. "నేను చాలా చూచినవాడిని, నాకేమీ కాదు" అను పెద్దమనిషి నీరు వడగట్టక తాగుతున్నాడన్నమాట.

బావినే మార్చవలసి వచ్చింది

పుల్ల చుట్టుట ఎన్ని వేల యేండ్లు జరిగినా జబ్బు పోలేదు. భారత ప్రభుత్వము 1983–84లో నారికురుపు నిర్మూలన కార్యక్రమము ఆరంభించింది. 1984లో ఏడు రాష్ట్రాలలో, 89 జిల్లాలలో, 12 వేలకు పైగా గ్రామాలలో దాదాపు 40 వేలమంది రోగులను లెక్క కట్టారు. ఆ ఏడు రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆరోగ్య కార్యకర్తలు ఇల్లిల్లు తిరిగారు. నీరు బట్టతో వడగట్టుట నేర్పారు. బావులలో మందు చల్లారు. మెట్లు మూసివేసి, చుట్టూ గోడ కట్టి, చేదతో తోడుకొనే బావులుగా మార్చారు, చేతిపంపులు వేశారు. చివరి రోగి 1996 జూలైలో రాజస్థాన్‌లోని జోధ్‌పూర్ జిల్లాలో కనబడ్డాడు. అయినా వెంటనే పండుగ చేసికొనలేదు. మూడు సంవత్సరాలకు పైగా కాపలా కాసిన తరువాతనే, 2000 ఫిబ్రవరిలో, ఈ దేశము నారికురుపు నుండి విడుదల పొందినదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువపరచింది.

రోగులు మాత్రమే మారితే చాలలేదు. బావియే మారవలసి వచ్చింది. ఈ మాట మన సంఘములో నొప్పి పుట్టిస్తుంది గాని చెప్పకతప్పదు. ఈ సీమ సంఘములలో చాలామంది పూర్వికులు ఊరి బావిని ముట్టరానివారుగా ఎంచబడినవారే. పై కులమువారు వచ్చి ఎత్తి పోసేవరకు ఖాళీ కడవతో ఎండలో నిలిచినవారు. లేనిచోట ఏటి ఇసుకలో చెలమలు తవ్వుకొన్నవారు. అస్పృశ్యత నేరమని 1950 నాటి రాజ్యాంగము చెప్పకముందే, ఒకే పాత్రలోని ద్రాక్షారసము అందరికీ ఇచ్చే ప్రభువు బల్ల ఆ సంగతి చెప్పింది. ఆ బల్ల యొద్దకు వచ్చినవారి మనుమలమైన మనము, పెండ్లి సంబంధపు మాట వచ్చినప్పుడు, కమిటీ ఎన్నికలు వచ్చినప్పుడు ఏ మెట్లు దిగుతున్నాము? మాలవారి వరుస, మాదిగవారి వరుస అని లెక్కలు కట్టుట మన మధ్య లేదని గుండె మీద చేయి వేసి చెప్పగలమా? ఒక్కొక్కరము విడివిడిగా మంచివారమే. బావికి మాత్రము ఇంకా మెట్లున్నాయి. సంఘము పేరిట, సంఘమంతా కలిసి మూయవలసిన మెట్లవి.

తేటనీటిలోని విషము

కథ ఇంతటితో ముగిసి ఉంటే బాగుండేది. దిగుడు బావులు మూతపడ్డాయి. కరువు వలన బోర్లు లోతుకు, ఇంకా లోతుకు పోయాయి. బోరు నీరు తేటగా ఉంటుంది. అందులో నారిపురుగు లేదు. అయితే మన జిల్లా రాతినేలలో అనేకచోట్ల ఫ్లోరైడు ఉన్నది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటిన నీటిని యేండ్ల తరబడి తాగితే పిల్లల పళ్ళు గారపడతాయి. మోతాదు మరీ ఎక్కువైనచోట పెద్దల ఎముకలు బిగిసి నడుము వంగుతుంది. మన దేశములో దీనిని గూర్చి మొదటి వైద్య నివేదిక 1937లో నాటి నెల్లూరు జిల్లా నుండి వచ్చింది.

ఫ్లోరైడు బట్టకు ఆగదు. కాచితే పోదు సరిగదా, నీరు ఆవిరైన కొలది ఇంకా చిక్కబడుతుంది. అపవిత్రాత్మ విడిచిపోయిన ఇల్లు ఊడ్చి అమర్చియుండి, ఖాళీగా ఉన్నందున మరి ఏడు దయ్యములు వచ్చి చేరిన సంగతి ప్రభువు చెప్పాడు (మత్తయి 12:43–45). మన తాతలు సారాయి మానారు, విగ్రహములు విడిచారు. అది గొప్ప విడుదల. ఆ ఖాళీలో మనలో మెల్లగా ఊరినది ఏమిటి? "మేము అటువంటివారము కాము" అను గర్వము. అది చూచుటకు తేటనీరు. భక్తి వేడి పెంచితే పోయేది కాదు. వేడి పెరిగినకొలది చిక్కబడేది. కదిరికి దగ్గరనున్న కటారుపల్లిలో వేమన సమాధి ఉన్నది. పైపై శుద్ధిని ఆయన ఎంత ఎగతాళి చేశాడో మన పిల్లలకు కూడా తెలుసు. ఆ మాట మనకు గుడి బయట కూడా దొరుకుతున్నది. గుడి లోపల వినకపోతే సిగ్గు.

వంగిన ఎముక మరల తిన్నబడదు. క్షమాపణ పొందిన దావీదుకు కూడా పాపఫలము మిగిలింది. తన పాపము దాచినంతకాలము ఎముకలు క్షీణించినట్లున్నదని చెప్పిన కీర్తన (32) మన సీమవారికి ఇంకొంచెము లోతుగా అర్థమవుతుంది. అయితే నీరు మారిస్తే పిల్లల పళ్ళు, ఎముకలు దక్కుతాయి. మనకు ఆలస్యమైనా వారికి ఆలస్యము కాలేదు. ఇంట్లో పిల్లల ముందు ఇతరులను గూర్చి ఏమి మాటలాడుతున్నామో, అదే వారు తాగే నీరు.

నొప్పి తెలియుట కూడా కృపయే

కదిరి నుండి వేలూరు ఆసుపత్రికి వెళ్ళిరాని కుటుంబములు మనలో కొద్ది. అక్కడ 1946 నుండి పనిచేసిన డాక్టర్ పాల్ బ్రాండ్ కుష్ఠురోగులను గూర్చి ఒక సంగతి గ్రహించాడు. వ్రేళ్ళు వాటంతట అవి కుళ్ళి రాలిపోవుట లేదు; స్పర్శ పోయినందున కాలినా, కోసుకొన్నా తెలియక గాయముల మీద గాయములై అవి నశిస్తున్నాయి. నొప్పి శత్రువు కాదు, కావలివాడు. మనస్సాక్షి కుట్టుట ఆగిపోతే అది ఆరోగ్యమని సంతోషింపరాదు. ప్రసంగము విన్నప్పుడు గుచ్చుకొనే నొప్పి కొరకు దేవునికి వందనములు చెల్లించవలెను.

చివరి పురుగు వరకు

1986లో ప్రపంచములో ఏడాదికి 35 లక్షలమందికి నారికురుపు ఉండేదని అంచనా. ఆ యేడు దానిని నిర్మూలించే పని చేపట్టినవారిలో అమెరికా మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ ముఖ్యుడు. తన చిన్న ఊరి బాప్తిస్టు గుడిలో ఆదివారపు బడి పాఠము చెప్పుకొన్న విశ్వాసి. చివరి పురుగు తనకంటె ముందు చావవలెనని ఆయన ఆశ. 2024 డిసెంబరు 29న నూరేండ్ల వయస్సులో ఆయన నిద్రించాడు. ఆ సంవత్సరము ప్రపంచమంతటిలో మిగిలిన రోగులు 15 మంది మాత్రమే. పని ఇంకా పూర్తికాలేదు. ఎందుకనగా ఆఫ్రికాలోని చాద్ దేశములో ఆ పురుగు కుక్కలలో దాగియున్నట్లు 2012లో బయటపడింది. పోయినదనుకొన్న పాపము ఎక్కడ దాగునో ఎవరికెరుక! ఎవరూ చూడని మూలలను గూర్చి కీర్తనకారుడు ప్రార్థించినది ఇందుకే (కీర్తన 19:12).

ఏ ఉపమానమైనా ఒక కాలు కుంటిదే. నారికురుపు మనుష్య ప్రయత్నముతో పోయింది. పాపము అలా పోదు. అరణ్యములో ఇశ్రాయేలీయులను కరచిన మంటగల సర్పములు ఈ నారిపురుగులేనేమోనని ఊహించిన వైద్యులున్నారు. అది ఊహయే. కాని మోషే ఎత్తిన సర్పము వలె తాను ఎత్తబడవలెనని ప్రభువు చెప్పినది ఊహ కాదు (యోహాను 3:14). మన పుల్లలు, మన వడపోతలు, మన కాపలా అన్నీ ఆయన వైపు చూచినవారు కృతజ్ఞతతో చేసే పనులే గాని రక్షణకు చెల్లించే వెల కాదు.

గనుక ఈ నూరవ యేట బల్ల యొద్దకు వచ్చునప్పుడు మూడు ప్రశ్నలు మనల్ని మనమే అడుగుకొందము. నేను ఏ నీరు తాగుతున్నాను? నా ఉపశమనము కొరకు ఎవరి నీరు చెరుపుతున్నాను? కాలు మండుతున్న నా సహోదరుని గుమ్మములో నేను ఒక్క కడవైనా దించానా? జీవజలమిచ్చువాడు మన బావులను శుద్ధిచేయును గాక. మన తరువాత వచ్చే నూరేండ్ల పిల్లలు ఆ నీరు తాగి బ్రతుకుదురు గాక. ఆమెన్.